బస్తాలో పురుగు, గదిలో బిళ్ల

 

గత నెలలో ములుగు నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం మాకు అందింది. ఆమె భర్త చింతపండు వ్యాపారి. ఏటా చింతకాయ పండే రోజులలో ఏటూరునాగారం, తాడ్వాయి వైపు సంతలకు వెళ్లి, గూడేల నుండి వచ్చిన పండును కొని, ధర పలికేదాకా ఇంట్లోనే నిల్వ చేస్తారు. ఈ ఏడు తొమ్మిది బస్తాలు మిగిలిపోయాయి. వేరే గది లేదు కనుక వాటిని పడకగదిలోనే గోడ వెంబడి పేర్చారు. వానలు మొదలవుతూనే బస్తాల కింద సన్నని పిండి రాలి కనిపించింది. గోనె మీద గోధుమరంగు పురుగులు పాకసాగాయి. ఒక దుకాణదారు కాగితంలో చుట్టి కొన్ని బిళ్లలు ఇచ్చి, బస్తాకు ఒకటి చొప్పున వేసి పైన పట్టా కప్పమన్నాడు. భర్త సరేనన్నారు. అత్తగారు వద్దన్నారు. ఆ గదిలోనే పది నెలల పాప ఉయ్యాలలో నిద్రపోతుంది.

ఆ సోదరి అడిగినవి మూడు ప్రశ్నలు. పురుగు పట్టిన పండును అమ్మితే పాపమా? మందు వేసి అమ్మితే పాపమా? మందు లేకుండా పండును కాపాడుకునే దారి ఏదైనా ఉందా?

ఉత్తరం చదివిన వెంటనే అందులో ఉన్న నంబరుకు ఫోను చేశాము. బిళ్లలు అప్పటికింకా బస్తాలలో పడలేదు. అల్‌హందులిల్లాహ్. మిగిలిన విషయం ఆ ఒక్క ఇంటికే పరిమితమైనది కాదు కనుక ఈ నెల పేజీలను దానికే కేటాయిస్తున్నాము.

ముందుగా బిళ్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఆలస్యానికి చోటు లేదు. ఊళ్లలో పురుగుల బిళ్ల అని పిలిచే ఆ మందు పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగలగానే అది ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతుంది. మూడు గ్రాముల బిళ్ల ఒక్కటి సుమారు ఒక గ్రాము వాయువును పుట్టిస్తుంది. పెద్ద గోదాములలో, చుట్టూ మనుషులు లేకుండా చేసి, ధాన్యపు గుట్టలను గాలి చొరకుండా కప్పి, శిక్షణ పొందిన సిబ్బంది వాడవలసిన మందు ఇది. మన దేశంలో దీని అమ్మకం మీద, వాడకం మీద ఆంక్షలున్నాయి. అయినా కాగితపు పొట్లాలలో ఇది ఇళ్లకు చేరుతూనే ఉంది. బస్తా మీద కప్పిన పట్టా ఈ వాయువును ఆపలేదు. అది తలుపు సందుల గుండా, గోడ పగుళ్ల గుండా పక్కగదికి కూడా పాకుతుంది. కుళ్లిన చేప వాసన, వెల్లుల్లి వాసన వస్తుందంటారు గాని, వాసన తెలియనంత మాత్రాన వాయువు లేదని ధైర్యపడటానికి వీలులేదు. వాంతులు, కడుపునొప్పి, తలతిరుగుడు, ఆయాసం మొదలైతే రాత్రి తిన్నది పడలేదనుకుంటారు. తెల్లవారేసరికి పసిపిల్లలు ముందుగా బలైపోతారు. ఈ విషానికి విరుగుడు మందు లేదు.

ఇప్పటికే ఎవరి ఇంట్లోనైనా బస్తాలలో బిళ్లలు వేసివుంటే, ఈ పేజీని పక్కనపెట్టి ముందు తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటికి రండి. బిళ్లల మీద నీళ్లు పోయరాదు. నీరు తగిలితే వాయువు ఒక్కసారిగా పొంగుతుంది, మంట కూడా లేవవచ్చు. చేతితో ఏరే ప్రయత్నం చేయకుండా వ్యవసాయాధికారికి కబురు పెట్టండి. ఎవరికైనా నలతగా ఉంటే 108కు ఫోను చేసి, ఇంట్లో ఈ బిళ్ల ఉన్నదని స్పష్టంగా చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే వైద్యుడు వేరే వ్యాధికి వైద్యం మొదలుపెట్టే ప్రమాదముంది.

దైవప్రవక్త (సఅసం) బోధనలలో ఒకటి తాను హానికి గురికారాదు, ఇతరులకు హాని తలపెట్టరాదు అన్నది. పడకగదిలో ఈ బిళ్ల వేయవచ్చునా అని ఎవరైనా అడిగితే, వేరే సమాధానం వెతకవలసిన అవసరం మాకు కనిపించడం లేదు. అత్తగారి మాటే సరైనది.

ఇక అసలు విషయం. నిల్వ పండులో పురుగు పడటం ఈనాటి సమస్య కాదు. దైవప్రవక్త (సఅసం) ముందుకు ఒకసారి పాత ఖర్జూరాలు తెచ్చారు. ఆయన ఒక్కొక్క పండునూ విప్పి చూస్తూ, లోపలి పురుగులను తీసివేయసాగారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సునన్ అబూ దావూద్‌లో ఉంది. ఇందులో మా మనసును పట్టుకునేది ఆ ఓపిక. ఆయన పండ్లన్నీ పారవేయమనలేదు, చూడకుండా నోట వేసుకోనూ లేదు. చేతితో విప్పి, కంటితో చూసి, మంచిదాన్ని ఉంచుకున్నారు. పురుగు పట్టిన పండు గురించి ధర్మశాస్త్రంలోని సూక్ష్మాలను మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. ఇంటి వరకు మాత్రం ఈ ఆచరణ మనకు దారి చూపుతుంది.

అరబ్బులు చింతపండును ‘తమర్ హిందీ’ అంటారు. భారతీయ ఖర్జూరం అని దాని అర్థం. ఇంగ్లీషువారి ‘టామరిండ్’ ఆ మాట నుండి పుట్టినదే. మన ములుగు అడవి పండుకు ఖర్జూరంతో బంధుత్వం కలిపిన పేరది. చెట్టుగా రెండింటికీ ఏ సంబంధమూ లేదు. నిల్వలో పడే బాధ మాత్రం ఒకటే.

అల్లాహ్ ఖుర్‌ఆన్‌లో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలామ్) వృత్తాంతాన్ని తెలియజేస్తూ, రానున్న కరువు కోసం ధాన్యాన్ని ఎలా దాచాలో ఆ ప్రవక్త చెప్పిన తీరును కూడా ప్రస్తావించాడు. తినడానికి కావలసిన కొద్దిపాటి తప్ప, మిగిలినదంతా వెన్నులలోనే ఉంచమని ఆయన సూచించారు. ఇది సూరా యూసుఫ్ 47వ వాక్యంలోని విషయం. గింజ మీది పొట్టు దానికి కోట వంటిది. పగులు లేని వడ్ల కంటే బియ్యానికి పురుగు తొందరగా పడుతుందని మన ఇళ్లలో ఎవరికి తెలియదు? మందు అనే మాటే లేకుండా ఏళ్ల తరబడి నిల్వ చేసే ఉపాయాన్ని ఒక ప్రవక్త నోట మనం విన్నాము.

అయితే ఈ సూత్రాన్ని చింతపండుకు ఉన్నదున్నట్లు వర్తింపజేస్తే చిక్కులో పడతాము. వడ్లకు పొట్టు కోట. చింతకాయకు గింజే శత్రువు ఇల్లు. గింజతో, పెంకుతో ఉన్న పండును నెలల తరబడి ఉంచడమే పురుగును పెంచడం. ములుగులో జరిగింది ఇదే.

చింతపండుకు పట్టే పురుగులలో ముఖ్యమైనది ఒక చిన్న పెంకుపురుగు. శాస్త్రజ్ఞులు దానికి కారియెడాన్ సెర్రేటస్ అని పేరు పెట్టారు. కాయ చెట్టు మీద ఉన్నప్పుడో, రాలి నేల మీద పడివున్నప్పుడో ఆడపురుగు వచ్చి పెంకు మీద గుడ్లను అంటిస్తుంది. గుడ్డులో నుండి వచ్చిన పిల్లపురుగు పెంకును తొలిచి, పులుపును దాటి, గింజలోకి చేరుతుంది. దానికి కావలసింది గుజ్జు కాదు, గింజలోని పప్పు. తిని బలిసిన తరువాత గుండ్రని రంధ్రం చేసుకుని బయటికి వచ్చి, గూడు కట్టుకుని, రెక్కల పురుగుగా మారి మళ్లీ గుడ్లు పెడుతుంది. వేడి వాతావరణంలో ఈ చక్రం నెలన్నర నుండి రెండు నెలలలో ఒకసారి తిరుగుతుంది. మార్చిలో కొన్న బస్తాలో పది గింజలకు పురుగు ఉంటే, శ్రావణం నాటికి బస్తా అంతా పిండి కావడంలో వింత లేదు. ఇంట్లో పురుగు ‘పుట్టింది’ అనుకుంటాము గాని, అది సంత నుండే మన వెంట వచ్చింది.

ఈ పురుగే పల్లికాయలనూ తొలుస్తుంది. పల్లి దక్షిణ అమెరికా నుండి మన దేశానికి వచ్చిన పంట. తరతరాలుగా చింతను నమ్ముకున్న పురుగు కొత్త పంటకు అలవాటుపడింది. అందువలన గింజ తీయని చింతపండును, పల్లికాయలను ఒకే గదిలో ఉంచరాదు. విత్తనానికని ఉంచుకున్న పల్లి బస్తా పాడైన తరువాత ఎవరిని నిందించి ఏమి లాభం?

కనుక మొదటి మందు గింజ తీయడమే. అమ్మమ్మలు, నానమ్మలు ఎండాకాలంలో అరుగుల మీద కూర్చుని చింతపండు కొట్టింది పులుసుకు వీలుగా ఉంటుందని మాత్రమే కాదు. పెంకు పోతే గుడ్లు పోతాయి, గింజ పోతే పిల్లపురుగు పోతుంది. నూరు కిలోల చింతకాయలో గుజ్జు సుమారు 55 కిలోలు, గింజ 34, పెంకూ పీచూ 11 ఉంటాయి. అంటే గింజతో నిల్వ చేసేవారు బస్తాలో దాదాపు సగం బరువును పురుగుల కోసమే మోస్తున్నారు. గింజ తీసిన పండుకు ధర కూడా ఎక్కువ. అటవీ ఫలసాయానికి ప్రభుత్వం ప్రకటించే మద్దతు ధరలలో గింజతో ఉన్న పండుకు ఒక ధర, గింజ తీసినదానికి అంతకంటే మంచి ధర విడివిడిగా ఉంటాయి. గిరిజన సహకార సంస్థ గూడేల నుండి చింతపండు కొనే సంగతి ములుగువారికి తెలిసినదే. మంచి గింజను కూడా పారవేయనక్కరలేదు. దాని పిండిని బట్టల మిల్లులలో నూలుకు గంజిగా వాడతారు. నిల్వ చేయకుండా వెంటనే అమ్మివేయాలి, అంతే.

ఈ కొట్టే పని స్త్రీల మీద పడుతుందని మాకు తెలుసు. తొమ్మిది బస్తాల పండును ఒక కోడలు, ఒక అత్తగారు కొట్టి ముగించాలంటే నడుములు విరుగుతాయి. ఇరుగుపొరుగు స్త్రీలను కూలికి పిలవండి. ఆ కూలి వ్యాపారపు ఖర్చుగా లెక్కవేయవలసిన సొమ్ము. ఇంటి ఆడవారి రెక్కలకు ఖరీదు లేదనుకునే వ్యాపారికి బిళ్ల చవకగా కనిపించడం సహజం.

గింజ తీసిన తరువాత రెండవ శత్రువు తేమ. గుజ్జును రెండు మూడు రోజులు మంచి ఎండలో, నేల మీద కాక శుభ్రమైన పట్టా మీద ఆరబెట్టాలి. ఎండలో మరీ ఎక్కువ రోజులు ఉంచితే రంగు నల్లబడుతుంది. తరువాత కల్లుప్పు చల్లి, ముద్దలుగా నొక్కి, జాడీలో గాని కొత్త కుండలో గాని అదిమి పెట్టాలి. ఉప్పు తేమను లాగుతుంది, బూజును అడ్డుకుంటుంది. నొక్కడం వలన పొరల మధ్య గాలికి చోటుండదు. అల్యూమినియం, రాగి, ఇనుప పాత్రలు పులుపుకు పనికిరావు. ఇది వంట చేసే ప్రతి తల్లికి తెలిసిన విషయమే గాని, పాత రేకు డబ్బాలలో పెట్టి అమ్మేవారిని మేము చూశాము కనుక చెబుతున్నాము.

ఎక్కువ మొత్తంలో నిల్వ చేసేవారికి గాలి చొరని సంచులు గొప్ప ఉపకారం చేస్తాయి. 1980లలో ఆఫ్రికాలోని కామెరూన్‌లో, అలసందల పురుగుకు మందు కొనలేని పేద రైతుల కోసం అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు ఒక పద్ధతిని రూపొందించారు. ఒక మామూలు అల్లిక సంచి, దాని లోపల ఒకదానిలో ఒకటిగా రెండు దళసరి పాలిథిన్ సంచులు. మూడింటినీ విడివిడిగా మెలిపెట్టి బిగించి కట్టాలి. లోపలి పురుగు ఊపిరి పీల్చి పీల్చి ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును తానే హరించుకుంటుంది. అది తగ్గగానే తినడం మానుతుంది, గుడ్లు పెట్టడం మానుతుంది, చివరికి చస్తుంది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఈ మూడు పొరల సంచిని పల్లికాయల మీద, చింతను తినే ఈ పురుగు మీదనే పరీక్షించి మంచి ఫలితాలను చూశారు. విషం ఒక్క చుక్క కూడా లేదు.

అయితే రెండు షరతులున్నాయి. బాగా ఆరిన సరుకునే ఇందులో పెట్టాలి. తడి ఉంటే పురుగు చచ్చినా లోపల పులిసి బూజు పడుతుంది. రెండవది, కట్టిన సంచిని కనీసం రెండు నెలలు విప్పరాదు. ‘ఎలా ఉందో చూద్దాం’ అని వారానికొకసారి విప్పితే పురుగుకు మనమే ఊపిరి పోసినవారమవుతాము. ఎలుక కొరికిన సంచి పనికిరాదు కనుక, గోడకు దూరంగా చెక్కల మీద పేర్చాలి. ఇంటి వాడకానికి సంచి కూడా అక్కరలేదు. మూత బిగుసుకునే గాజు సీసాలో గాని, ప్లాస్టిక్ డబ్బాలో గాని అంచుదాకా నింపి పెట్టండి. సగం ఖాళీగా ఉంచితే ఆ ఖాళీలోని గాలి పురుగుకు చాలు.

వేపాకు మాటేమిటని మీలో కొందరు అడుగుతారు. వేపాకు, ఎండుమిరపకాయ బియ్యపు డబ్బాలో వేయడం మంచి అలవాటే. బయటి నుండి వచ్చే పురుగును అవి కొంతవరకు దూరంగా ఉంచుతాయి. లోపల గింజలో కూర్చున్న పురుగును అవి ఏమీ చేయలేవు. చింతపండులో వేపాకు వేస్తే పులుసు చేదెక్కడం ఒక్కటే ఖాయం.

ములుగు గురించి మాట్లాడుతూ మిరపను వదలడం న్యాయం కాదు. మిరపకాయ కూడా ఒక పండే. 2019 ఫిబ్రవరి 17న ప్రత్యేక జిల్లా అయిన ములుగులో, గోదావరి వెంబడి మంగపేట, వెంకటాపురం, వాజేడు మండలాల రైతులకు అదే ప్రాణం. టమాటాలా బొద్దుగా ఉండే వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. దాన్ని పండించే ప్రాంతాలలో ములుగు కూడా ఉంది. ఎనుమాముల మార్కెట్లో ధర పడిపోయిన ఏడు రైతు మిర్చిని దాచుకోక తప్పదు. దాచిన మిర్చికి పట్టేది మరొక పురుగు. రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు పెంకుపురుగు అది. పొగాకు గోదాములలో చేసిన నష్టం వలన దానికి సిగరెట్ బీటిల్ అన్న పేరు వచ్చింది. మిర్చి ఘాటు మనిషికి కన్నీళ్లు తెప్పిస్తుంది గాని, ఈ పురుగుకు చీమకుట్టినట్లయినా ఉండదు. ఫాస్ఫీన్ వాయువును సైతం తట్టుకునే తరాలు ఈ పురుగులో పుట్టుకొచ్చాయి. అంటే మనుషుల ప్రాణాలను పణంగా పెట్టి వేసిన బిళ్ల పురుగును చంపుతుందన్న పూచీ కూడా లేదు.

మిర్చికి మొదటి కాపలా కల్లంలోనే ఉంది. మట్టి నేల మీద కాక పట్టాల మీద ఎండబెట్టాలి, మంచుకు తడవకుండా రాత్రి కప్పాలి, తాలుకాయలను ఏరివేయాలి. తేమ పది, పదకొండు శాతానికి దిగిన తరువాతనే సంచికి ఎత్తాలి. తేమ ఎక్కువగా ఉంటే పురుగుతో పాటు బూజు వస్తుంది. ఆ బూజు వలన అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. కాలేయాన్ని దెబ్బతీసే ఆ విషం వండినా పోదు. ఆ తరువాత కోల్డ్ స్టోరేజీ. చల్లదనం పదిహేను డిగ్రీలకు దిగువన ఉంటే నిల్వ పురుగుల ఎదుగుదల దాదాపుగా ఆగిపోతుంది. ఆగిపోవడం వేరు, చావడం వేరు. బయటికి తీసిన సంచిని వేడిగదిలో నెలలు ఉంచితే నిద్రపోయిన పురుగు లేస్తుంది. చల్లని సంచిని తీసిన వెంటనే విప్పరాదు. విప్పితే బయటి గాలిలోని తేమ కాయల మీద చెమటలా పడుతుంది. ఒక పూట అలాగే ఉంచి, సంచి బయటి వేడికి వచ్చిన తరువాత విప్పాలి.

ఒక చిన్న హెచ్చరిక. ఉద్యాన విశ్వవిద్యాలయం ములుగులో ఉందని విని మన ములుగులో వెతికేవారున్నారు. అది సిద్దిపేట జిల్లాలోని ములుగు. ఇక్కడివారికి దగ్గరగా ఉన్నవి మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాలు. సంచుల సంగతి, ఎండబెట్టే పద్ధతుల సంగతి అక్కడ అడగవచ్చు.

ఇక రమజాన్ కోసం ముందుగా కొనివుంచే ఖర్జూరాల విషయం. వాటికి పట్టేవి ముఖ్యంగా రెండు. ఒకటి పండ్ల మధ్య సాలెగూడు వంటి దారాలు అల్లే చిన్న రెక్కల పురుగు. రెండవది సన్నగా, చదునుగా, అంచులు రంపంలా ఉండే పెంకుపురుగు. వ్యాపారులు వీటి కోసం లోగడ మిథైల్ బ్రోమైడ్ అనే వాయువును విరివిగా వాడేవారు. అది ఆకాశంలోని ఓజోన్ పొరను తినేస్తున్నదని తేలడంతో, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందానికి లోబడి మనవంటి దేశాలు కూడా 2015 నాటికి మామూలు నిల్వలలో దాని వాడకాన్ని మానుకోవలసి వచ్చింది. అప్పటి నుండి ఖర్జూరపు దేశాలు వేడి, చలి, బొగ్గుపులుసు వాయువు వంటి దారులను మరింత శ్రద్ధగా పట్టుకున్నాయి. మన ఇంట్లో అంత హంగామా అవసరం లేదు. విడి ఖర్జూరాలు కొన్నప్పుడు వాటిని సంచిలో బిగించి కట్టి, ఫ్రిజ్‌లోని గడ్డకట్టే అరలో ఒక వారం ఉంచండి. ఆ అర సున్నాకు దిగువన పద్దెనిమిది డిగ్రీలకు చేరేదైతే గుడ్లు సహా చస్తాయి. ఆ తరువాత మూత బిగిసే డబ్బాలోకి మార్చండి. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద పెట్టేముందు ఒక్కొక్క పండునూ విప్పి చూసి గింజ తీసే పనిని పిల్లలకు అప్పగించండి. ప్రవక్త (సఅసం) చేసిన పనే తామూ చేస్తున్నామని వారికి చెబితే ఎంత ఇష్టంగా చేస్తారో చూడండి.

మందు లేకుండా పని జరగదనేవారికి మామిడి కథ ఒకటి చెప్పాలి. పండు ఈగ కారణంగా ఐరోపా దేశాలు 2014 మే నుండి మన మామిడిని నిలిపివేశాయి. 2015 జనవరిలో ఆ నిషేధం తొలగింది. ఈ ఈగ విషయంలో చాలా దేశాలు నమ్ముకున్నది వేడినే. 48 డిగ్రీల వేడినీటిలో కాయను గంటసేపు ఉంచితే లోపలి ఈగ పిల్ల చస్తుంది, కాయ చెడదు. జపాన్ అయితే మన మామిడిని ఇరవై ఏళ్లు కాదని, 2006లో ఆవిరి వేడి పెట్టిన కాయలకు తలుపు తెరిచింది. అలా వెళ్లగలిగిన రకాలలో మన బంగినపల్లి కూడా ఉంది.

మళ్లీ ములుగు సోదరి ప్రశ్నలకు వద్దాము. మందు లేని దారి ఉన్నదని చెప్పాము. పురుగు పట్టిన పండును అమ్మవచ్చునా అన్నదానికి మదీనా అంగడిలోని సంఘటన ఒకటి చాలు. దైవప్రవక్త (సఅసం) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. అయితే జనం చూసేలా ఆ తడిసినదాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (సఅసం) అతన్ని ప్రశ్నించి, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఆ అమ్మేవాడు ధాన్యాన్ని తడపలేదన్నది గమనించాలి. తడిపింది వాన. తడిని కింద దాచడమే అతని తప్పయింది. చింతపండుకు పురుగు పట్టడం వ్యాపారి నేరం కాదు. మంచి ముద్దను పైన పరచి, పిండి రాలే పండును అడుగున పెట్టడం నేరం. బిళ్ల వేసిన సంగతి దాచి అమ్మడం అంతకంటే బరువైనది, ఎందుకంటే కొన్నవాడు దాన్ని తీసుకుపోయి తన పిల్లల గదిలో పెట్టుకుంటాడు.

ధర కోసం నిల్వ చేయడమే తప్పేమోనని ఆ సోదరి ఉత్తరం చివర సందేహపడ్డారు. జనం ఆకలితో అలమటిస్తుండగా తిండిని దాచి ధర పెంచడాన్ని ఇస్లాం ఖండించింది. పండే కాలంలో కొని, లేని కాలంలో న్యాయమైన లాభానికి అమ్మడం ఆ కోవలోకి రాదని మేము గ్రహించినది. గూడెం నుండి పండు మోసుకొచ్చిన తల్లికి తూకంలో సరిగ్గా ముట్టిందా అన్నది మాత్రం ఆ వ్యాపారి తనను తాను ముందుగా అడగవలసిన ప్రశ్న.

ఆ ఇంటివారు చేసినది మొన్న ఫోనులో తెలిసింది. బిళ్లలను వాడలేదు, భర్త వాటిని పొడిగా, మూత బిగించిన డబ్బాలో ఆరుబయట ఉంచి వ్యవసాయాధికారికి అప్పగించారు. ఎండ కాసిన రోజు బస్తాలన్నీ బయటికి తెచ్చి, నలుగురు స్త్రీలను కూలికి పిలిచి కొట్టించారు. తొమ్మిదిలో రెండు బస్తాల పండు పూర్తిగా పాడైపోయింది. పురుగుల గింజను, పిండిని ఏమి చేయాలని అడిగితే, కాల్చకుండా దూరంగా లోతైన గుంట తీసి పాతిపెట్టమని చెప్పాము. అగ్నితో శిక్షించే అధికారం అగ్నికి ప్రభువైన అల్లాహ్‌దేనని, చీమలపుట్టను కాల్చిన సందర్భంలో ప్రవక్త (సఅసం) బోధించి ఉన్నారు. మిగిలిన గుజ్జును ఆరబెట్టి, ఉప్పు చల్లి, రెండు పొరల పాలిథిన్ సంచులలో కట్టి వసారాలో చెక్కల మీద పేర్చారు. అందులో కొంత భాగం రంగు తగ్గింది. దాన్ని విడిగా పెట్టి, కొనేవారికి చూపించి, తక్కువ ధరకు ఇస్తున్నారు. పడకగది ఇప్పుడు ఖాళీగా ఉంది. ఉయ్యాలను కిటికీ పక్కకు జరిపారట.